సఫ్‌కో స్విచ్

వేదిక మీదున్న పెద్దలకు, ఇమామ్ సాబ్‌కు, విశాఖ మసీదు కమిటీల నుంచి వచ్చిన సోదరులకు, వెనక గదిలో వింటున్న అక్కాచెల్లెళ్ళకు అస్సలాము అలైకుమ్. ఇంధన పొదుపు వారోత్సవాలు కదా, సోలార్ గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. కానీ ముందు వైరింగ్ సంగతి. నా ఉద్యోగమంతా ఆ పనిలోనే గడిచింది.

అసర్ నమాజ్‌కు ఎంతమంది వస్తారు? ఒక సఫ్, అంటే నమాజ్‌కు అడ్డంగా నిలబడే వరస, మహా అయితే రెండు. పైన మాత్రం హాలంతా ఫ్యాన్లు తిరుగుతుంటాయి. అజాన్ ఇచ్చే మౌజన్ సాబ్‌ను అనకండి. ఆయన ఏ స్విచ్ వేసినా ఇమామ్ నిలబడే మిహ్రాబ్ దగ్గర నుంచి చెప్పుల స్టాండు దాకా ఒక వరస మొత్తం తిరుగుతుంది. వైరు ముందు నుంచి వెనక్కి లాగారు, మనం నిలబడేది అడ్డంగా. ముందు సఫ్‌కు గాలి రావాలంటే స్విచ్‌లన్నీ వేయాల్సిందే!

ఎనిమిది సఫ్‌లు, సఫ్‌కు ఐదు ఫ్యాన్లు అనుకుందాం. 40 ఫ్యాన్లు. మామూలు ఫ్యాన్ సుమారు 75 వాట్లు. గంట తిరిగితే 3 యూనిట్లు. ఒక్క సఫ్‌వే తిరిగితే అర యూనిట్ కూడా కాదు. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే అందులోనూ సగానికి పైగా మిగులుతుంది.

ఒక కమిటీకి చెప్పాను, ఫాల్స్ సీలింగ్ వేసేలోపే వైరు మార్చండని. తర్వాత చూద్దాం అన్నారు. సీలింగ్ మూసేశారు. ఇప్పుడు మార్చాలంటే అంతా విప్పాలి. ఆ బాధ నాకు ఇంకా పోలేదు. అమ్మానాన్నల పేరు మీద ఏసీలు ఇస్తున్నారు, అల్లాహ్ కబూల్ చేయుగాక. కానీ వైరుకు చందా ఇచ్చేవాళ్ళు లేరు, బిల్లుకు అసలే లేరు.

ఏసీ అంటే గుర్తొచ్చింది. జుమా రోజు వరండాలో కూర్చున్నవాళ్ళ కోసం తలుపులు బార్లా తెరిచి ఉంటాయి, లోపల రిమోట్ 18 మీద ఉంటుంది. మన సముద్రపు ఉక్కంతా లోపలికొస్తుంది. ఆ తేమను పిండడానికే ఏసీకి చాలా శక్తి పోతుంది. తలుపులు తెరవక తప్పదంటే ఫ్యాన్లే నయం. మూసి ఉంచగలిగితే 24 చాలు. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం తగ్గుతుందని కేంద్ర సంస్థ బీఈఈయే చెబుతోంది. ఎండ మండిపోతుంటే మధ్యాహ్నపు జొహర్ నమాజ్‌ను చల్లబడేదాకా ఆపమన్న హదీసు బుఖారీలో ఉంది. ఎండను లెక్కలోకి తీసుకోవడం మన దీన్‌లోనే ఉంది సోదరులారా.

ఇక సోలార్. జకార్తాది కూడా మనలాంటి ఉక్కపోతే. అక్కడి ఇస్తిక్లాల్ మసీదు పైకప్పు మీద 500కు పైగా పలకలున్నాయి, 2022లో పర్యావరణ హిత భవనంగా ఎడ్జ్ సర్టిఫికెట్ వచ్చింది. మనమూ పెట్టుకుందాం. కానీ ఫజర్, మగ్రిబ్, ఇషా మూడూ ఎండ లేనప్పుడే. పగలు మిగిలిన కరెంటును గ్రిడ్‌కు పంపి బిల్లులో తగ్గించే నెట్ మీటర్ లేకుండా పెట్టకండి, వైరింగ్ మార్చకుండా అసలు పెట్టకండి.

రంజాన్‌కు ముందు ఎలాగూ రంగులు వేయిస్తారు. ఈలోపు ఒకరోజు ఇషా తర్వాత బోర్డు దగ్గర నిలబడి, ఏ స్విచ్‌కు ఏ ఫ్యాన్లు తిరుగుతున్నాయో కాగితం మీద గీయండి. ఆ కాగితం నాకు తెచ్చివ్వండి. ఎంత వైరు పడుతుందో, ఎన్ని స్విచ్‌లు కావాలో లెక్క కట్టి ఇస్తాను. నాకు డబ్బులేమీ అక్కర్లేదు.