పేరు పడని జాబితా

అధ్యక్షులకు, గ్రంథాలయ వారోత్సవాల నిర్వాహకులకు, సభలోని పెద్దలకు నమస్కారం. నాకు ‘పత్రికల పుట్టుపూర్వోత్తరాలు’ అన్న అంశం ఇచ్చారు గానీ, పదిహేను నిమిషాల్లో అంత దూరం నడవడం నా వల్ల కాదు కనుక, నెపోలియన్ యుద్ధాల కాలంలో ఇంగ్లండు కుటుంబాలు యుద్ధవార్తల కోసం పత్రికను ఎలా చదివాయన్న ఒక్క ముచ్చట దగ్గరే ఆగుతాను.

1805 అక్టోబరు 21న స్పెయిన్ తీరాన ట్రఫాల్గర్ వద్ద నౌకాయుద్ధం జరిగితే, ఆ కబురు లండన్‌లోని నౌకాదళ కార్యాలయానికి చేరింది నవంబరు 6న, అర్ధరాత్రి దాటాక. అన్ని రోజులూ, పోయిన కొడుకు కోసం ఇంటివాళ్లు క్షేమం కోరుతూ ఉత్తరాలు రాస్తూనే ఉండి ఉంటారు. కబురు వచ్చాకనైనా పత్రిక కొనడం అందరి తరమా? ఒక్కో ప్రతి మీద మూడున్నర పెన్నీల స్టాంపు పన్ను. 1815లో దాన్ని నాలుగు పెన్నీలు చేశారు. అందుచేత ఒకే ప్రతి ఎన్నో చేతులు మారేది, చదువు వచ్చినవాడు పైకి చదివితే పదిమంది చుట్టూ చేరి వినేవారు. రచ్చబండ మీద పేపరు చదివించుకున్న తరం ఈ సభలో ఇంకా ఉంది. వారికి నేను వేరే చెప్పనక్కరలేదు.

అసలు సంగతి ఇది. 1815 జూన్ 18న వాటర్లూ యుద్ధం జరిగింది. 22న ప్రభుత్వ పత్రిక గెజిట్ ప్రత్యేక సంచికలో, ఇంగ్లండు సేనాని వెల్లింగ్టన్ నివేదిక అచ్చయింది. ఆనాటి హతుల, క్షతగాత్రుల జాబితాల్లో అధికారులకు పేర్లుండేవి, మామూలు సైనికులకు అంకెలే ఉండేవి. ఈ తేడాను దయచేసి గమనించండి. కెప్టెన్ తల్లి జాబితా మీద వేలు ఆనించి కిందిదాకా దింపి, పేరు కనబడకపోతే ఊపిరి పీల్చుకునేది. సైనికుడి తల్లికి ఆ పాటి ఊరట కూడా లేదు, ఎందుకంటే కొడుకు పోయినా బతికినా ఆ పేరు అక్కడ పడదు.

అదే వెల్లింగ్టన్ 1803లో మన దక్కనులో, అస్సాయే వద్ద గెలిచినప్పుడు ఆయన వెంట మద్రాసు పటాలాలున్నాయి. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు ఎందరుండేవారంటే, బెంగాలులో సిపాయిని ‘తెలంగా’ అనే పిలిచేవారు. వాళ్ల ఇళ్లకు ఆ అంకె చేరవేయడానికైనా అప్పటికి తెలుగులో పత్రిక పుట్టలేదు.

1971 డిసెంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధం జరిగినప్పుడు, నాకు పదేళ్లు. మా వీధిలో నేను పెద్దమ్మా అని పిలిచే ఒకావిడ కొడుకు మిలిటరీలో ఉండేవాడు. ఆమె రోజూ పొద్దున్నే పేపరు తెచ్చి నా ఒళ్లో పెట్టి, “చూడు నాయనా, మావాడి పేరేమైనా పడిందా?” అని అడిగేది. నేను మొదటి పేజీ చూసి, “పడలేదు పెద్దమ్మా” అనేవాణ్ని. ఆమె వెళ్లి పొయ్యి వెలిగించుకునేది. ఆ పేపరులో జవాన్ల పేర్లు వేసేవారో లేదో నాకు తెలియదు. లోపలి పేజీలు నేను ఒక్కరోజూ తిప్పలేదు.