రెండు కత్తులు చాలా? యేసు అన్న 'చాలు' ఏ చాలు?

అందరికీ వందనాలు.

ప్రపంచంలో ఎక్కడ యుద్ధం మొదలైనా మన విశ్వాసుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వాక్యం తిరుగుతుంది. లూకా 22:36. "కత్తి లేనివాడు తన బట్టను అమ్మి కత్తి కొనుక్కొనవలెను." చూశారా, ప్రభువే ఆయుధం కొనమన్నాడు, కాబట్టి క్రైస్తవుడు యుద్ధానికి మద్దతివ్వొచ్చు అంటారు. ఈ వాదన విన్నప్పుడల్లా బాధేస్తుంది. రెండు వచనాల కిందే జవాబుంది. అక్కడిదాకా ఎవరూ చదవరు.

[స్క్రీన్ మీద: లూకా 22:36–38]

36లో కత్తి కొనమన్నాడు. 37లో ఎందుకో కూడా ఆయనే చెప్పాడు: "అక్రమకారులలో ఒకడుగా ఎంచబడెను" అన్న లేఖనం తన విషయంలో నెరవేరాలి. అది యెషయా 53:12. 38లో శిష్యులు, ఇదిగో ఇక్కడ రెండు కత్తులున్నాయన్నారు. ఆయన "చాలు" అన్నాడు.

ఇప్పుడు లెక్క వేయండి. యూదాని పక్కన పెడితే శిష్యులు పదకొండు మంది. కత్తులు రెండు. రోమా సైన్యంలో ఒక పటాలం అంటే సుమారు 480 మంది. యుద్ధానికైతే రెండు కత్తులు ఏ మూలకి? అక్రమకారుల్లో ఒకడని ముద్ర వేయించుకోవడానికి మాత్రం సరిపోతాయి.

ఇక ఆ 'చాలు' సంగతి. దీన్ని అర్థం చేసుకోవడంలో తెలుగువాళ్లకి ఒక వెసులుబాటుంది. విస్తట్లో అన్నం వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి "చాలు" అంటాం. అంటే సరిపోయింది అని. పిల్లలు జుట్టూజుట్టూ పట్టుకుని కొట్టుకుంటుంటే "ఇక చాలు!" అంటాం. అంటే ఆపండి అని. మాట ఒకటే, అర్థాలు రెండు. లూకా రాసిన గ్రీకు మాట 'హికానోన్ ఎస్టిన్' కూడా రెండు రకాలుగానూ చదవొచ్చు. ద్వితీయోపదేశకాండం 3:26 చూడండి. యొర్దాను దాటనివ్వమని మోషే బతిమాలితే, చాలు, ఇక ఈ సంగతి నాతో మాట్లాడొద్దు అంటాడు దేవుడు. పాత నిబంధన ప్రాచీన గ్రీకు అనువాదంలో అక్కడున్నదీ ఇదే ధాతువు. అది విస్తరి చాలు కాదు, ఇక చాలు.

లూకా 22లోనూ ఇక చాలు అనే నేను చదువుతాను. కారణం అదే రాత్రి జరిగిన సంగతి. ఆ రెండు కత్తుల్లో ఒకటి ఒకే ఒక్కసారి వరలోంచి బయటికొచ్చింది. ప్రధాన యాజకుని దాసుడి కుడిచెవి తెగింది. యేసు వెంటనే ఆపి, ఆ చెవి ముట్టి బాగుచేశాడు (22:51). కత్తి వరలో పెట్టమనీ, కత్తి పట్టుకునేవాళ్లు కత్తితోనే నశిస్తారనీ ఆయన అన్నట్టు మత్తయి రాశాడు (26:52). కొనమన్నది యుద్ధానికే అయితే, మొదటి దెబ్బకే వరలో పెట్టమనడు కదా.

ఇప్పుడు అవతలి పక్షం బలం కూడా చెప్పాలి. లూకా 3:14లో సైనికులు వచ్చి మేమేం చెయ్యాలని అడిగితే, ఎవర్నీ బాధపెట్టొద్దు, మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు బాప్తిస్మమిచ్చు యోహాను. ఉద్యోగం మానమనలేదు. అపొస్తలుల కార్యములు 10లో కొర్నేలీ శతాధిపతిగా, అంటే రోమా సైనికాధికారిగా ఉండగానే బాప్తిస్మం పొందాడు. "నరహత్య చేయకూడదు" అన్న ఆజ్ఞ ఒక్కటే చూపించి వాదన ముగించడమూ కుదరదు. అక్కడున్న హెబ్రీ మాట 'రాత్సాఖ్' యుద్ధంలో చంపడానికి మామూలుగా వాడే మాట కాదు.

అన్నిటికంటే బలమైనది రోమా 13:4: అధికారి "ఊరకయే ఖడ్గము" ధరించడు. కానీ అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది, పౌలు పెట్టింది కాదు. ఆ గీత చెరిపేసి 12:19 నుంచి చదవండి. మీకు మీరే పగ తీర్చుకోవద్దని విశ్వాసులకి చెప్పి, కీడు చేసేవాణ్ని దండించే పని అధికారికి అప్పగించాడు. నేరస్తుణ్ని శిక్షించడం గురించిన మాట అది. పొరుగు దేశం మీద దండయాత్ర దాకా దాన్ని సాగదీస్తే, ఆ బరువు సాగదీసినవాళ్లే మొయ్యాలి.

అసలు పొరపాటు మరోచోట ఉంది. అనుమతి వేరు, మద్దతు వేరు. యుద్ధాన్ని అనుమతించిన సంఘాలు కూడా దాన్ని శుద్ధమైన పనిగా చూడలేదు.

[స్క్రీన్ మీద: బసిలు, 13వ నియమం]

4వ శతాబ్దంలో కైసరయ బిషప్ బసిలు రాసిన నియమం ఇది: యుద్ధంలో చంపడాన్ని మన పితరులు హత్యగా లెక్కించలేదు, అయినా చేతులు శుభ్రంగా లేవు కాబట్టి మూడేళ్లు ప్రభువు బల్లకి దూరంగా ఉండమని సలహా ఇవ్వడం మంచిది.

1066లో ఇంగ్లండులో జరిగిన హేస్టింగ్స్ యుద్ధం. గెలిచిన నార్మన్ దొర విలియంకి పోపు ఆమోదం ఉందని చెప్పుకున్న యుద్ధం. తర్వాత నార్మన్ బిషప్పులు గెలిచిన సైనికులకే ప్రాయశ్చిత్తం విధించారు. చంపిన ఒక్కొక్కడికి ఏడాది. గాయపరిచి, వాడు చచ్చాడో బతికాడో తెలియకపోతే ఒక్కొక్కడికి 40 రోజులు. ఎంతమందిని చంపాడో లెక్క తెలియనివాడికి బతికినంతకాలం వారానికొక రోజు. బాణాలేసినవాళ్లకి తగిలిందో లేదో తెలియదు గనక మూడు నలభై రోజుల దీక్షలు. ఇది గెలిచినవాళ్లకి, న్యాయమని నమ్మిన యుద్ధానికి! పండగ చేసుకోమనలేదు, మోకాళ్లూనమన్నారు.

10వ శతాబ్దంలో బైజాంటైన్ (తూర్పు రోమా) చక్రవర్తి నికెఫోరస్ ఫోకాస్, యుద్ధంలో చచ్చిన సైనికుల్ని హతసాక్షులుగా ప్రకటించమని అడిగాడు. అక్కడి సంఘానికి పెద్ద అయిన పాత్రియార్కు పోల్యూక్టస్ ఒప్పుకోలేదు. బసిలు నియమమే చూపించారు. అదే ఆర్థడాక్స్ సంప్రదాయంలో, 2022 సెప్టెంబరు 25న మాస్కో పాత్రియార్కు కిరిల్, సైనిక విధిలో ప్రాణం ఇస్తే పాపాలన్నీ కడుక్కుపోతాయని ప్రసంగించారు. పోల్యూక్టస్ మూసిన తలుపుని ఆయన తెరిచారు. నాకది ఘోరమనిపిస్తుంది.

టైము అయిపోతోంది, మిగతావి గబగబా.

తొలి శతాబ్దాల సంఘ వేదాంతి అగస్టీను: సొంత ప్రాణం కాపాడుకోవడానికి మామూలు మనిషి చంపడాన్ని కూడా ఆయన ఒప్పుకోలేదు. సైనికుడో అధికారో ఇతరుల కోసం చేస్తే తప్ప. ఆత్మరక్షణ వాదానికి ఆయన్ని తెచ్చేవాళ్లు ఇది గమనించాలి.

యుద్ధం న్యాయమనడానికి 13వ శతాబ్దపు వేదాంతి అక్వినాస్ పెట్టిన మూడు షరతులు: సరైన అధికారం, న్యాయమైన కారణం, మంచి ఉద్దేశం. మూడూ ఉండాలి, రెండుంటే కుదరదు. కతోలిక సంఘ అధికారిక బోధల గ్రంథం 'కతోలిక సత్యోపదేశం' 2309వ పేరా ఇంకా బిగించింది: నష్టం తీవ్రమై, నిలిచిపోయేదై, ఖాయమైనదై ఉండాలి, మిగతా మార్గాలన్నీ విఫలమవ్వాలి, గెలిచే అవకాశం నిజంగా ఉండాలి, తెచ్చే కీడు ఆపే కీడుకంటే పెద్దదవ్వకూడదు. ఆధునిక ఆయుధాలతో తేలిపోయేది సాధారణంగా ఈ చివరిదే.

ఇక కత్తి అసలు పట్టొద్దన్నవాళ్లు. 1527 ష్లైట్‌హైమ్ ఒప్పుకోలు, ఖడ్గం "క్రీస్తు పరిపూర్ణతకు వెలుపల" ఉందంది. ఆ ఒప్పుకోలు రాసిన అనాబాప్టిస్టు (పెద్దయ్యాక నమ్మి బాప్తిస్మం పొందాలనే) పాయలోంచే మెన్నొనైట్లు వచ్చారు. మన మహబూబ్‌నగర్, జడ్చర్ల, శంషాబాద్ వైపు ఎం.బి. చర్చిలకి వెళ్లేవాళ్లూ, మీ పేరులోని 'ఎం' ఆ మెన్నొనైటే. శాంతి సాక్ష్యం మీ ఇంటి ఆస్తి, మీ పెద్దల్ని అడగండి.

యెహోషువ యుద్ధాలు ఇందులో పట్టవు, వచ్చే వీడియోలో చూద్దాం. ఈలోగా ఎవరైనా లూకా 22:36 పంపితే గొడవపడకుండా 37, 38, 51 వచనాలు పంపండి. 'చాలు' దగ్గర ఆగి, గట్టిగా చదవమనండి.