పాయింట్ల పట్టికలో ఆశ లేనప్పుడు: హన్స్ క్రాంకల్ ఆట, కోచింగ్

అందరికీ నమస్కారం.

ఫుట్‌బాల్ మీద ప్రసంగం అనగానే పెలె గురించో, మారడోనా గురించో, మెస్సీ గురించో అనుకుని వచ్చి ఉంటారు. నేను మాత్రం ఆస్ట్రియా స్ట్రైకర్ హన్స్ క్రాంకల్‌ను ఎంచుకున్నాను. ఎందుకో చెబుతాను. ఆడే కుర్రాళ్ల దగ్గర, ఒక్కోసారి నేర్పే కోచ్‌ల దగ్గర కూడా, ఒక మాట తరచూ వింటుంటాం: "ఇంక మనం ఎలాగూ ముందుకు వెళ్లం కదా, ఈ మ్యాచ్ ఎలా ఆడితే ఏంటి?" క్రాంకల్‌కు ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ ఎదురైంది. ఒకసారి ఆయన దానికి ప్రపంచం గుర్తుపెట్టుకునే జవాబు ఇచ్చారు. ఇంకోసారి, జట్టుతో పాటు, తప్పారు. జాతీయ కోచ్ అయ్యాక మూడేళ్లకు పైగా దాని మధ్యే పనిచేశారు.

క్రాంకల్ 1953 ఫిబ్రవరి 14న వియన్నాలో పుట్టారు. ఆయన పేరు ముడిపడిన క్లబ్ రాపిడ్ వియన్నా. నగరం పడమటి వైపు హ్యుటెల్‌డోర్ఫ్ అనే ప్రాంతం వాళ్ల సొంత గడ్డ. పందొమ్మిదో శతాబ్దం చివర్లో కార్మికుల క్లబ్‌గా పుట్టింది, ఆ గుర్తింపును ఇప్పటికీ గర్వంగా మోస్తుంది. అక్కడ ఒక పాత ఆచారం ఉంది. మ్యాచ్ 75వ నిమిషానికి చేరగానే స్టేడియం అంతా ఒకే లయలో చప్పట్లు మొదలుపెడుతుంది. స్కోరు ఎంతున్నా సరే, చివరి పావుగంట మనది అని ఆటగాళ్లకు చెప్పడం అన్నమాట. క్రాంకల్ పెరిగింది ఆ చప్పట్ల మధ్య. ఆయన ఆటలో మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో నన్నడిగితే అక్కడి నుంచే అంటాను.

కుర్రతనంలో ఆయన్ని వీనర్ ఏసీ అనే క్లబ్‌కు ఒక సీజన్ లోన్ మీద, అంటే తాత్కాలికంగా, పంపారు. తిరిగొచ్చాక ఇక ఆగలేదు. 1973-74లో 36 గోల్స్‌తో లీగ్‌లో టాప్ స్కోరర్. 1976-77లో 32 గోల్స్‌తో మళ్లీ ఆయనే. ఆ మరుసటి సీజన్ గురించి కాస్త ఆగి చెప్పాలి. అప్పటి ఆస్ట్రియా లీగ్‌లో పది జట్లే. ఒక్కో జట్టుతో నాలుగుసార్లు ఆడాలి, మొత్తం 36 మ్యాచ్‌లు. అంటే మిమ్మల్ని మార్క్ చేసే డిఫెండర్ ఒకే ఏడాదిలో నాలుగుసార్లు ఎదురవుతాడు. మీ ఎడమ కాలి షాట్, మీరు తిరిగే తీరు, మీరు ఎదురుచూసే చోటు, అన్నీ అతనికి కంఠతా వచ్చేస్తాయి. చిన్న లీగ్‌లో గోల్స్ తేలిక అని కొట్టిపారేసేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. అలాంటి చోట క్రాంకల్ 36 మ్యాచ్‌ల్లో 41 గోల్స్ కొట్టారు. యూరప్ మొత్తంలో ఆ ఏడాది అంతకంటే ఎక్కువ కొట్టినవాళ్లు లేరు. పారిస్‌లో ఆడుతున్న కార్లోస్ బియాంకి 37 దగ్గర ఆగిపోయారు. యూరప్ లీగుల్లో టాప్ స్కోరర్‌కు ఇచ్చే గోల్డెన్ షూ హ్యుటెల్‌డోర్ఫ్‌కు వచ్చింది.

ఆయన గోల్స్ చాలావరకు ఎడమ కాలివి. బాక్స్‌లో బంతి ఎక్కడ పడుతుందో ఒక అర సెకను ముందే తెలిసినట్టు కదిలేవారు. దీన్ని చాలామంది అదృష్టం అంటారు. నేను ఒప్పుకోను. అదృష్టం ఒకసారి వస్తుంది, రెండుసార్లు వస్తుంది. ఒకే సీజన్‌లో నలభై ఒక్కసారి రాదు.

దేశం జట్టులోనూ ఇదే వరస. 1977 ఏప్రిల్ 30న సాల్జ్‌బర్గ్‌లో మాల్టాతో వరల్డ్ కప్ క్వాలిఫయింగ్ మ్యాచ్. ఆస్ట్రియా 9-0తో గెలిచింది, అందులో ఆరు క్రాంకల్‌వి. 1958 తర్వాత ఆస్ట్రియా వరల్డ్ కప్ ఆడటం మళ్లీ 1978లోనే, అర్జెంటీనాలో. మొదటి రౌండ్‌లో స్పెయిన్‌ను 2-1తో, స్వీడన్‌ను 1-0తో ఓడించారు. రెండు మ్యాచ్‌ల్లోనూ క్రాంకల్ గోల్ ఉంది. బ్రెజిల్ చేతిలో ఓడినా గ్రూప్‌లో పైనే నిలిచారు. అప్పట్లో రెండో రౌండ్ కూడా నాకౌట్ కాదు, నాలుగు జట్ల గ్రూపే. అక్కడ మాత్రం కథ తిరగబడింది. నెదర్లాండ్స్ 5-1తో చితక్కొట్టింది. ఇటలీ 1-0తో గెలిచింది. ఇంకొక్క మ్యాచ్ మిగిలింది, అది డిఫెండింగ్ చాంపియన్ పశ్చిమ జర్మనీతో.

అప్పటికి ఆస్ట్రియాకు ఫైనల్ లేదు, మూడో స్థానం మ్యాచ్ కూడా లేదు. గెలిచినా ఓడినా మర్నాడు విమానం ఎక్కాల్సిందే. జర్మనీకి మాత్రం అవసరం ఉంది. పైగా ఆస్ట్రియా జర్మనీని ఓడించి 47 ఏళ్లయింది. 1931లో సిండెలార్ ఉన్న ఆ గొప్ప జట్టు గెలిచిన తర్వాత మళ్లీ గెలుపన్నదే లేదు.

1978 జూన్ 21, కోర్డోబా. 19వ నిమిషంలో రుమెనిగే గోల్‌తో జర్మనీ ముందంజ. 59వ నిమిషంలో జర్మనీ కెప్టెన్ బెర్టీ ఫోగ్ట్స్ కాలికి తగిలి బంతి సొంత గోల్‌లోకే వెళ్లింది, 1-1. 66వ నిమిషంలో ఎడమ పక్క నుంచి క్రీగర్ వేసిన క్రాస్‌ను క్రాంకల్ అదుపు చేసుకుని, కింద పడేలోపే ఎడమ కాలితో కొట్టారు. గోల్‌కీపర్ సెప్ మయర్‌కు అందలేదు. రెండే నిమిషాల్లో హోల్జెన్‌బైన్ హెడర్‌తో 2-2 అయింది. డ్రా అయితే జర్మనీకి మూడో స్థానం మ్యాచ్ దక్కుతుంది. ఆట ముగియడానికి ఇంక మూడు నిమిషాలుందనగా క్రాంకల్ ఎడమ వైపు బంతి అందుకుని, డిఫెండర్లను తప్పించుకుంటూ బాక్స్‌లోకి దూసుకెళ్లి మళ్లీ కొట్టారు. 3-2. ఆస్ట్రియా రేడియోలో ఎడీ ఫింగర్ "నాకు పిచ్చెక్కిపోతోంది!" అని వియన్నా యాసలో కేకపెట్టారు. ఆ దేశంలో ఆ కేక తెలియని మనిషి దొరకడం కష్టం.

ఆ రెండో గోల్‌నే అందరూ పదేపదే చూపిస్తారు. నాకు మాత్రం 66వ నిమిషం గోల్ ఎక్కువ ఇష్టం. ఇంటికి వెళ్లిపోతున్న జట్టులోని మనిషి అంత ఏకాగ్రతతో ఒక బంతిని అందుకోవడం, ఒక్క స్పర్శ కూడా వృథా చేయకపోవడం, అందులో నాకు క్రాంకల్ మొత్తం కనిపిస్తాడు.

ఆ వేసవిలోనే ఆయన బార్సిలోనాకు వెళ్లారు. మొదటి సీజన్‌లోనే 29 గోల్స్‌తో స్పెయిన్ లీగ్ టాప్ స్కోరర్ అయ్యారు. 1979 మే 16న బాజెల్‌లో కప్ విన్నర్స్ కప్ ఫైనల్, అంటే యూరప్ దేశాల కప్ విజేతల మధ్య జరిగే పోటీ ఫైనల్. ఫోర్టూనా డ్యుసెల్‌డోర్ఫ్ మీద ఎక్స్‌ట్రా టైమ్‌లో 4-3 గెలుపు. నాలుగో గోల్ ఆయనదే. ఆ తర్వాత అక్కడ పరిస్థితి చెడింది. విదేశీ ఆటగాళ్లకు స్థానాలు తక్కువ. సిమోన్సెన్ వచ్చారు, బ్రెజిల్ నుంచి రాబర్టో డైనమైట్ వచ్చారు. క్రాంకల్ 1980లో కొన్నాళ్లు ఫస్ట్ వియన్నాకు లోన్ మీద ఆడి, బార్సిలోనాకు తిరిగి వెళ్లి, 1981లో రాపిడ్‌కే చేరుకున్నారు.

ఇప్పుడు హిహోన్ గురించి చెప్పాలి. ఆయన్ని ఇష్టపడేవాళ్లు ఈ భాగాన్ని దాటేస్తుంటారు. అది సరికాదు.

1982 వరల్డ్ కప్, జూన్ 25, స్పెయిన్‌లోని హిహోన్ నగరం. మళ్లీ పశ్చిమ జర్మనీ, మళ్లీ ఆస్ట్రియా. అదే గ్రూప్‌లో ఉన్న అల్జీరియా అంతకుముందే జర్మనీని 2-1తో ఓడించి అందరినీ నివ్వెరపరిచింది. తన చివరి మ్యాచ్ ముందు రోజే ఆడేసింది. కాబట్టి జర్మనీ, ఆస్ట్రియా రెండూ ఏ స్కోరుతో ముందుకు వెళ్తాయో ముందే తెలుసు. జర్మనీ ఒకటి లేదా రెండు గోల్స్ తేడాతో గెలిస్తే ఇద్దరూ లోపల, అల్జీరియా బయట. పదో నిమిషంలో జర్మనీ తరఫున హ్రుబేష్ గోల్ కొట్టారు. ఆ తర్వాత క్రమంగా ఆట ఆగిపోయింది. బంతిని అటూ ఇటూ నెట్టుకుంటూ మిగతా సమయం గడిపేశారు. ప్రేక్షకులు ఈలలు వేశారు, అల్జీరియా అభిమానులు మ్యాచ్ అమ్ముడుపోయిందన్నట్టు కరెన్సీ నోట్లు ఊపి చూపించారు. ఆ రోజు ఆస్ట్రియా దాడికి ముందు నిలబడింది క్రాంకల్, షాఖ్నర్.

నాలుగేళ్ల ముందు ఆశించడానికి ఏమీ లేకపోయినా ప్రాణం పెట్టి ఆడిన మనిషి, ఆశ మొత్తం చేతికి వచ్చిన రోజున ఆడలేదు. తప్పు ఆయన ఒక్కడిదే అనడం అన్యాయం, రెండు జట్లలో దాదాపు ఎవరూ నిజంగా ఎదురు తిరగలేదు. కానీ కోర్డోబా ఘనత ఆయనకు ఇచ్చినప్పుడు హిహోన్ బాధ్యతలో ఆయన వాటా కూడా లెక్కలోకి రావాలి. ఈ మ్యాచ్ తర్వాతే గ్రూప్‌లో చివరి మ్యాచ్‌లు రెండూ ఒకే సమయంలో పెట్టే పద్ధతి వచ్చింది. మనం ఇప్పుడు చూసే పెద్ద ఫుట్‌బాల్ టోర్నమెంట్లలో ఆ నియమం ఉంది.

రాపిడ్‌లో రెండో దశ బాగా సాగింది. 1982, 1983ల్లో లీగ్ టైటిళ్లు. పక్కన చెకొస్లొవేకియా దిగ్గజం పానెంకా ఉన్నారు. 1984-85లో కప్ విన్నర్స్ కప్ ప్రయాణం విచిత్రంగా ఉంటుంది. స్కాట్లాండ్ క్లబ్ సెల్టిక్‌తో మ్యాచ్‌లో మైదానంలోకి సీసా విసిరిన వివాదం వల్ల మళ్లీ ఆడించారు, రాపిడ్ గెలిచింది. సెల్టిక్ అభిమానులు ఇప్పటికీ దాన్ని క్షమించలేదు. తర్వాతి రౌండ్‌లో డైనమో డ్రెస్డెన్ దగ్గర 3-0తో ఓడి, సొంత గడ్డ మీద 5-0తో గెలిచారు. రోటర్‌డామ్ ఫైనల్‌లో ఇంగ్లండ్ క్లబ్ ఎవర్టన్ 3-1తో గెలిచింది. రాపిడ్ కొట్టిన ఆ ఒక్క గోల్ కెప్టెన్ క్రాంకల్‌ది. అప్పటికి ఆయన వయసు 32. ఆ ఏడాదే జాతీయ జట్టుకు వీడ్కోలు చెప్పారు: 69 మ్యాచ్‌లు, 34 గోల్స్.

1989లో ఆట ముగించి నేరుగా రాపిడ్ కోచ్ కుర్చీలో కూర్చున్నారు. ఇక్కడ నుంచి లెక్కలు మారిపోతాయి. 1990 కప్ ఫైనల్‌లో నగర ప్రత్యర్థి క్లబ్ ఆస్ట్రియా వియన్నా చేతిలో ఓటమి. 1991 కప్ ఫైనల్‌లో అంతకంటే ఘోరం: రెండో డివిజన్ జట్టు స్టోకెరౌ 2-1తో రాపిడ్‌ను ఓడించింది. ఆ తర్వాత మ్యోడ్లింగ్, టిరోల్, సాల్జ్‌బర్గ్, జర్మనీలో ఫోర్టూనా కోల్న్, ఆడ్మిరా. ఎక్కడా పెద్ద కప్ రాలేదు.

స్ట్రైకర్‌గా ఆయన దగ్గరున్న గొప్ప ఆస్తి ఆ అర సెకను. అది ఇంకొకరికి చెప్పి నేర్పేది కాదు. ఎక్కడ నిలబడాలో చూపించవచ్చు, ఎప్పుడు కదలాలో మాత్రం ఆడేవాడే పట్టుకోవాలి. గొప్ప స్ట్రైకర్లలో చాలామంది కోచ్‌లుగా తడబడటానికి ఇదొక పెద్ద కారణమని నా నమ్మకం. తనకు తేలిగ్గా వచ్చింది అవతలి వాడికి ఎందుకు రావట్లేదో వాళ్లకు అర్థం కాదు.

అయినా 2002లో, ఒకప్పుడు రాపిడ్‌లో తన కోచ్ అయిన ఒట్టో బారిచ్ తర్వాత, ఆస్ట్రియా జాతీయ జట్టు ఆయన చేతికి వచ్చింది. ఫలితాలు సగటువే: 31 మ్యాచ్‌ల్లో 10 గెలుపులు, 10 డ్రాలు, 11 ఓటములు. యూరో 2004కు క్వాలిఫై కాలేదు, 2006 వరల్డ్ కప్‌కూ కాలేదు. చెక్, నెదర్లాండ్స్ ఉన్న గ్రూప్, తర్వాత ఇంగ్లండ్, పోలండ్ ఉన్న గ్రూప్. పట్టిక చూస్తే ఇంతే.

కానీ ఆ రోజుల్లో ఆయన చేసిన ఒక పనిని నేను చాలా గౌరవిస్తాను. 2008 యూరో కప్‌ను ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ కలిసి నిర్వహిస్తాయని 2002 డిసెంబర్‌లోనే తేలింది. అంటే ఆతిథ్య దేశంగా నేరుగా ఆడే అవకాశం. అప్పటికి ఎదిగి ఉండే జట్టు కావాలి. క్రాంకల్ 2003లో రాపిడ్ కుర్రాడు ఆండ్రియాస్ ఇవాన్‌షిట్జ్‌కు, ఇంకా ఇరవై నిండకుండానే, కెప్టెన్ బ్యాండ్ కట్టారు. ఉద్యోగం నిలబెట్టుకోవాలనుకునే కోచ్ ఇలాంటి పని చేయడు, అనుభవం ఉన్నవాణ్ని పెట్టుకుని వచ్చే మ్యాచ్ డ్రా చేసుకుంటాడు.

2004 సెప్టెంబర్ 4న వియన్నాలో ఇంగ్లండ్‌తో మ్యాచ్ చూడండి. లాంపార్డ్, జెరార్డ్ గోల్స్‌తో 2-0 వెనక. 71వ నిమిషంలో ఆస్ట్రియా ఆటగాడు కోల్‌మన్ ఫ్రీ కిక్ గోల్. ఇంకో రెండు నిమిషాలకు ఇవాన్‌షిట్జ్ కొట్టిన షాట్ గోల్‌కీపర్ డేవిడ్ జేమ్స్ కింద నుంచి లోపలికి వెళ్లింది. 2-2. 2005 మార్చిలో నాలుగు రోజుల తేడాతో వేల్స్‌ను రెండుసార్లు ఓడించారు. సెప్టెంబర్‌లో పోలండ్ దగ్గర 3-2తో ఓడి, అజర్‌బైజాన్‌తో 0-0తో ఆగిపోయారు. ఆ నెలలోనే ఆయన పని ముగిసింది.

2008లో ఆస్ట్రియాను నడిపించింది కోర్డోబాలో క్రాంకల్‌తో కలిసి ఆడిన యోజెఫ్ హికర్స్‌బెర్గర్. కెప్టెన్ ఇవాన్‌షిట్జే. గ్రూప్ చివరి మ్యాచ్ వియన్నాలో, జర్మనీతో. ముప్పై ఏళ్ల కిందటి మ్యాచ్‌ను దేశమంతా మళ్లీ తవ్వుకుంది. బాలాక్ ఫ్రీ కిక్‌తో జర్మనీ 1-0తో గెలిచింది. క్రాంకల్ 2009లో లాస్క్ క్లబ్‌కు కొద్దికాలం కోచ్‌గా చేశారు.

మీలో కోచ్‌లు ఉంటే ఒకటే కోరుతున్నాను. కోర్డోబా మ్యాచ్‌నూ హిహోన్ మ్యాచ్‌నూ మీ పిల్లలకు ఒకే రోజు, వరుసగా, పూర్తిగా చూపించండి. హైలైట్స్ వద్దు. రెండింటిలోనూ తొమ్మిదో నిమిషం కాదు, డెబ్బయ్యో నిమిషం తర్వాత ఎవరు ఎంత పరుగెత్తుతున్నారో వాళ్లనే గమనించమనండి. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి, తెలిసినంత చెబుతాను.