తోట మాట్లాడుకునే ముందు

శ్రోతలకు నమస్కారం.

బడి పిల్లలను, స్కౌట్లను, జాతీయ సేవా పథకం వలంటీర్లను రెండు మూడు రోజుల శిబిరానికి తీసుకువెళ్లాలని ఉబలాటపడే ఉపాధ్యాయులు, యువజన సంఘాల పెద్దలు మన గోదావరి డెల్టాలో చాలామందే ఉన్నారు. వారిలో కొందరు ముందు బ్యానరు అచ్చు వేయించి, బస్సు మాట్లాడుకుని, ఆ తరువాత తీరికగా స్థలం వెతుకుతారు. ఇన్ని కొబ్బరి తోటలు, ఇంత సముద్రతీరం ఉన్న సీమలో నలభై మంది పిల్లలకు చోటు దొరకకపోతుందా అన్నది వారి ధీమా. చోటు దొరుకుతుంది, కాని మనం కోరిన తేదీన దొరకడం కష్టం. ఇక్కడి నేల యజమాని మాటతో పాటు కాలువ నీటి మాట, పంట మాట, పండుగల మాట కూడా వింటుంది కనుక, ముందు తేదీ తేల్చుకుని, తరువాత స్థలం చూసుకుని, బస్సు సంగతి ఆఖరున ఆలోచించడం మంచిదని నా అభిప్రాయం.

తేదీ దగ్గరే మొదలుపెడదాం. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరికి వరదలు వస్తాయి. ధవళేశ్వరం ఆనకట్ట వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఇస్తారు. నది పాయల నడుమ ఉండే లంక గ్రామాల్లోని వారికి ఈ అంకెలు కంఠతా వస్తాయి. నీరు కాజ్‌వేల మీదికి ఎక్కి, రేవుల్లో జనాన్ని, బండ్లను దాటించే పంటు ఆగిపోయిందంటే, లంకలో దిగిన బృందం అక్కడే ఉండిపోవలసి వస్తుంది. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 1996 నవంబరు 6న కోనసీమను ముంచిన తుపాను నాటికి ఊహ తెలిసిన వారెవరూ ఆ రోజుల్లో తీరాన గుడారాలు వేయిస్తామంటే ఒప్పుకోరు. పైగా కార్తిక మాసంలో ఆదివారాలన్నీ వన సమారాధనలకే పోతాయి. పెద్ద ఉసిరి చెట్టు, మంచి నీడ, వంటకు వసతి ఉన్న ప్రతి తోటనూ ఏదో ఒక సంఘం వారు ముందుగానే మాట్లాడుకుని ఉంటారు.

వేసవి సెలవుల్లో పిల్లలకు తీరిక ఉంటుంది, కాని కాలువల్లో నీరు ఉండదు. దాళ్వా, అంటే రెండవ వరి పంట, చేతికి వచ్చే వేళకు, మరమ్మతుల కోసమూ పూడికతీత కోసమూ కాలువలకు నీరు ఆపేస్తారు. ఊళ్లలో తాగునీటి చెరువులను ముందే నింపుకుని ఆ నీటితో గడుపుకుంటారు. అలాంటి ఊరి చెరువు మీదికి నలభై మంది అతిథులను తీసుకుపోవడం మర్యాద కూడా కాదు. ఇవన్నీ తీసివేస్తే డిసెంబరు రెండవ సగం, సంక్రాంతి వెళ్లిన తరువాతి రోజుల నుంచి ఫిబ్రవరి చివరి దాకా మిగులుతాయి. అందులోనూ కనుమ నాటి ప్రభల తీర్థాలకు కోనసీమ రోడ్లు కిటకిటలాడతాయి, మాఘమాసంలో అంతర్వేది కల్యాణానికి ఆ చుట్టుపక్కల గది కాదు కదా అరుగు కూడా ఖాళీగా ఉండదు. కనుక ఫిబ్రవరి శిబిరానికి నవంబరులోనే కబురు పెట్టడం తొందరపాటు అనిపించుకోదు.

ఇక తోట విషయం కొంచెం నిదానంగా చెప్పాలి. కొబ్బరి తోట అనగానే చల్లని నీడ, చదునైన నేల మన కళ్లముందు మెదులుతాయి. కాని కొబ్బరి చెట్టు కింద గుడారం వేయకూడదు. రాత్రి గాలికి రాలే కాయ ఎంత ప్రమాదమో, ఎండి ఊగుతున్న మట్ట కూడా ఇంచుమించు అంతే ప్రమాదం. అందువల్ల తోట మాట్లాడుకునేటప్పుడు యజమానిని అడగవలసిన మొదటి మాట, దింపు ఎప్పుడు అని. నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి దింపు కార్మికులు చెట్లెక్కి ముదిరిన కాయలను దించుతారు, ఎండు మట్టలను కూడా లాగేయమని వారికి చెప్పవచ్చు. ఆ పని ముగిసిన వెంటనే వచ్చే వారానికి మన శిబిరం పడేటట్లు చూసుకుంటే భయం చాలావరకు తగ్గుతుంది, అప్పుడు కూడా గుడారాలు వరుసల నడుమ ఖాళీలోనే వేయాలి. ఇంతకీ ఆ ఖాళీ ఉందో లేదో స్వయంగా వెళ్లి చూడవలసిందే, ఎందుకంటే ఇప్పుడు చాలా తోటల్లో కోకో, అరటి అంతర పంటలుగా వేస్తున్నారు. తోటకు నీరు పెట్టే వంతు ఏ రోజున వస్తుందో కూడా ముందే అడగాలి. శిబిరానికి రెండు రోజుల ముందు తడి పెట్టిన తోటలో పిల్లలు పరుపులు పరచుకోలేరు.

చూడడానికి వెళ్లిన రోజునే నీటి సంగతి, మరుగుదొడ్ల సంగతి తేల్చుకోవాలి. సముద్రానికి దగ్గరి ఊళ్లలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది, అది స్నానానికి తప్ప పనికిరాదు. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల తాగునీరు అనుకుంటే నలభై మందికి 160 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల టిన్నులు ఎనిమిది కావాలి. వంట నీరు దీనికి అదనం. ఆ టిన్నులు వేసే ఆటో తోట దాకా రాగలదో, చివరి అర కిలోమీటరు మనమే మోయాలో చూసుకోవాలి. ఆడపిల్లలు ఉన్న బృందమైతే, తలుపుకు లోపలి గడియ ఉన్న మరుగుదొడ్డి, రాత్రంతా వెలిగే దీపం లేని స్థలాన్ని ఎంత అందంగా ఉన్నా వదులుకోవాలి.

సముద్రతీరం కోరుకునే వారు అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎంతవరకు వస్తుందో ఆ ఊరి మత్స్యకారులను అడిగి, ఆ గీతకు బాగా పైన స్థలం చూసుకోవాలి. జనవరి మొదలు ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరంలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. అవి వచ్చే ఇసుకలో చలిమంటలు, పెద్ద లైట్లు వద్దు. గుడ్ల నుంచి బయటపడిన పిల్లలు వెలుగును చూసి సముద్రం వైపు కాక ఊరి వైపు నడుస్తాయి. కోరింగ మడ అడవులు అభయారణ్యం కనుక అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ ఏ కార్యక్రమమూ పెట్టుకోరాదు. పగటిపూట చూసి రావడానికే ఆ ప్రాంతాన్ని ఉంచుకుని, బస మరొక చోట ఏర్పాటు చేసుకోవడం సులువు. పడవ షికారు కూడా కలిపే వారు 2019 సెప్టెంబరులో కచ్చులూరు వద్ద వరద గోదావరిలో పర్యాటకుల పడవ మునిగిన సంగతి గుర్తుంచుకుని, అనుమతి ఉన్న పడవ, ప్రతి పిల్లవాడికీ సరిపడే లైఫ్ జాకెట్టు లేనిదే ఎక్కించకూడదు.

స్థలం కుదిరాక మాట కాగితం మీదికి రావాలి. మన వైపు నోటిమాటకు విలువ ఉంది, నిజమే. కాని తోట ఇస్తానన్న అన్నగారు ఆ వారం హైదరాబాదులో కొడుకు ఇంట్లో ఉంటే, తోటలో ఉన్న కాపలాదారుకు మన సంగతి తెలియకపోవచ్చు. తేదీలు, వచ్చే వారి సంఖ్య, వంట ఎక్కడ చేసేది, కరెంటు ఎవరు ఇచ్చేది, బయానా ఎంత, తుపాను హెచ్చరిక వస్తే ఆ బయానా తిరిగి వస్తుందా, మరొక తేదీకి జమ అవుతుందా అన్నవి ఒక కాగితం మీద రాసి, యజమాని సంతకం తీసుకుని, నకలు కాపలాదారు చేతికి కూడా ఇవ్వాలి. బడి ఆవరణ వాడుకునేటట్లయితే ప్రధానోపాధ్యాయునికి, పంచాయతీ స్థలమైతే సర్పంచికి, కార్యదర్శికి అర్జీ పెట్టుకుని అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. స్థానిక పోలీస్ స్టేషనుకు, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కబురు అందించడం పెద్ద పని కాదు.

దీనికి తోడు పైకప్పు ఉన్న చోటు ఒకటి, బడి గదులో, దేవస్థానం సత్రమో, అదే తేదీలకు అడిగి ఉంచుకోవాలి. శిబిరానికి వారం ముందు నుంచి వాతావరణ శాఖ సమాచారం వింటూ ఉండి, అల్పపీడనం అన్న మాట వినిపించిన రోజునే తోట మానుకుని గదులకు మారాలో, తేదీయే మార్చుకోవాలో నిర్ణయించుకోవాలి. మానుకుంటే ఆ కబురు యజమానికి ఆ పూటే చేరవేయాలి, ఆ తోట కోసం మరొక బృందం ఎదురుచూస్తూ ఉండవచ్చు.

నమస్కారం.