గండికోట నీళ్లు దాటినోళ్లు అండమాన్‌లో దీవి నుంచి దీవికి పోవచ్చా?

గండికోట వెనక నీళ్లలో, అవుకు రిజర్వాయర్‌లో గంటల తరబడి తెడ్డు వేస్తున్నాం, ఇంక అండమాన్‌లో కయాక్ (కూర్చొని తెడ్డుతో నడిపే సన్న పడవ) మీద దీవి నుంచి దీవికి పోవచ్చా అని చానామంది అడుగుతున్నారు. పోవచ్చు. కానీ రిజర్వాయర్‌లో నీళ్లు దాదాపు నిలబడి ఉంటాయి, పడవే కదులుతుంది. సముద్రంలో మీ కింద నీళ్లు కూడా నడుస్తుంటాయి. ఆ లెక్క రానోళ్లకు భుజబలం ఎంతున్నా సరిపోదు.

లెక్క చూడండి. రెండు దీవుల మధ్య 5 నాటికల్ మైళ్లు అనుకుందాం, అంటే 9 కిలోమీటర్ల పైచిలుకు. సామాను నింపిన కయాక్ 3 నాట్ల (గంటకు 3 నాటికల్ మైళ్ల) వేగంతో పోతే 1 గంట 40 నిమిషాల దారి. పక్క నుంచి ప్రవాహం 1 నాట్ ఉందనుకోండి. దిక్సూచిలో దీవి ఉన్న డిగ్రీ పట్టుకొని అట్నే పోతే, ఆ టైముకు 3 కిలోమీటర్లు పక్కకు కొట్టుకుపోయి ఉంటారు. పోనీ ముక్కును దీవి వైపే తిప్పుకుంటూ పోతే దారి వంకరై, చివర్లో ప్రవాహానికి ఎదురు తెడ్డు వేయాల్సి వస్తుంది, అదీ చేతులు అలసిపోయాక. తుంగభద్రలో పుట్టి నడిపేవాళ్లు ఎగువకు మళ్లించి దాటినట్టే, ఇక్కడా ముక్కును ప్రవాహం వచ్చే వైపుకు 20 డిగ్రీలు తిప్పాలి. అప్పుడు 1 గంట 46 నిమిషాలకు నేరుగా చేరతారు. ప్రవాహం 2 నాట్లయితే 42 డిగ్రీలు తిప్పాలి, 2 గంటల 14 నిమిషాలు పడుతుంది. 3 నాట్లయితే దాటలేరు, ఒడ్డునే ఆగండి.

తిప్పింది సరిపోతోందా లేదా అని ఎట్ల తెలుస్తుంది? ఎదురు దీవిలో ముందొక చెట్టు, దాని వెనక ఒక కొండ గుర్తు పెట్టుకోండి. రెండూ ఒకే వరసలో ఉంటే దారి సరే. వెనకున్న కొండ ఎడమకు జరిగిందంటే మీరూ ఎడమకు జారుతున్నట్టు. కయాక్‌లో కూర్చుంటే కన్ను నీళ్ల మీద మీటరు ఎత్తు కూడా ఉండదు, 3 కిలోమీటర్లు దాటితే ఇసుక ఒడ్డు కనపడదు. కాబట్టి గుర్తులు ఎత్తుగా ఉన్నవే తీసుకోండి.

ప్రవాహం ఎప్పుడు జోరుగా ఉంటుందో పంచాంగం చూసే మనోళ్లకు కొంత సులువుగా అర్థమవుతుంది. అమావాస్య, పున్నమి అయిన ఒకటి రెండు రోజులకు పోటు (నీళ్లు ఎక్కడం), పాటు (నీళ్లు దిగడం) పెద్దవి. అష్టమి దాటాక చిన్నవి, దాటడానికి ఆ రోజులే మంచివి. పాటు నుంచి పోటుకు సుమారు ఆరు గంటలు. అందులో మూడో, నాలుగో గంటల్లోనే సగం నీళ్లు ఎక్కుతాయి. దీవుల సందుల్లో ప్రవాహం మళ్లే టైము రేవులో ఇచ్చే పోటు పాట్ల పట్టికతో కలవకపోవచ్చు, అక్కడి జాలర్లను అడగాల్సిందే. ప్రవాహం ఒకవైపు, గాలి ఎదురుగా వస్తే అలలు నిటారుగా లేస్తాయి. గాలి చిన్నదేలే అనుకోవద్దు.

పడవ సంగతి. టూరిస్టులకు అద్దెకిచ్చే పొట్టి, వెడల్పు కయాక్ ఈ పనికి రాదు. 16 నుంచి 18 అడుగుల పొడవు, ముందూ వెనకా నీళ్లు చొరబడని గదులు, తిరగబడితే పట్టుకోవడానికి చుట్టూ తాడు ఉండాలి. మన ఎండకు ఇంకో సమస్య ఉంది. కారు పైన కట్టి కడప నుంచి మధ్యాహ్నం బయల్దేరితే ప్లాస్టిక్ మెత్తబడి, పట్టీ బిగించిన చోట అడుగు లోపలికి సొట్టపోతుంది. పట్టీలు ఆ గదుల అడ్డగోడలున్న చోట వేసి, గదుల మూతలు వదులు చేసి పెట్టండి.

నీళ్లు మనిషికి రోజుకు 4 లీటర్లు. ఆ బరువు సీటు పక్కన, అడుగున ఉండాలి. ముందు గదిలో బరువెక్కితే పక్కగాలికి ముక్కు గాలి వైపే తిరిగిపోతుంటుంది. వెనక అడుగున ఉండే స్కెగ్‌ను (కిందికి దించే చిన్న రెక్కను) సగం దించితే సర్దుకుంటుంది. ఒడ్డున గులకరాయి ఇరుక్కుంటే స్కెగ్ దిగదు. దానికి చిన్న తాడు ముడి వేసి ఉంచితే తోడున్నవాళ్లు లాగుతారు. బొరుగులు తేలికే గానీ జాగా తింటాయి, చెనిక్కాయ ఉండలు మేలు.

మన రిజర్వాయర్లలో నేర్చుకోగలిగింది, నేర్చుకొని తీరాల్సింది తిరగబడ్డాక లేవడం. ఆషాఢం గాలిలో, తోడుతో, ఒడ్డుకు దగ్గరగా చేయండి. స్ప్రే స్కర్ట్ (నీళ్లు లోపలికి రాకుండా నడుముకు తొడిగి, కూర్చునే రంధ్రం మీద బిగించే గుడ్డ) ముందున్న పట్టీ బయటికి ఉందా అని ప్రతిసారీ చూడండి. అది లోపల పడితే తలకిందులుగా ఉన్నప్పుడు దొరకదు. బయటికొచ్చాక పడవనూ తెడ్డునూ వదలొద్దు. తెడ్డు కొసకు గాలి సంచి తొడిగి ఊదాలి. పడవను నిలబెట్టి, తెడ్డును సీటు వెనక అడ్డంగా పెట్టి, దాని మీద కాలు వేసి బోర్లా ఎక్కాలి. కాళ్లు లోపలికి పోనిచ్చి, సంచి వైపు ఒరిగే తిరిగి కూర్చోవాలి. ఆ ఒరుగుడు వదిలేస్తే మళ్లీ బోల్తా. తర్వాత చేతి పంపుతో నీళ్లు తోడాలి. సామాను నింపిన పడవతోనూ చేయాలి, ఎందుకంటే ఖాళీ పడవ లేచినంత సులువుగా అది లేవదు.

స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హావ్‌లాక్), షహీద్ ద్వీప్ (పాత పేరు నీల్) వైపు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. మడ అడవుల కాలువల దగ్గర ఉప్పునీటి మొసళ్లుంటాయి, అక్కడ దిగొద్దు. జనం లేని దీవుల్లో రాత్రి ఉండాలంటే ముందే అటవీ శాఖను అడగండి. శాటిలైట్ ఫోన్ టెలికాం శాఖ అనుమతి లేకుండా తీసుకుపోతే కేసవుతుంది. కోస్ట్ గార్డ్ నంబరు 1554, రేడియోలో చానల్ 16. ఎన్నింటికి బయల్దేరారు, ఎన్నింటికి చేరతారు, ఎంత ఆలస్యమైతే ఫోన్ చేయాలి అనేది ఒడ్డున ఒకరికి రాసిచ్చి పోండి. చేరగానే వాళ్లకు చెప్పండి, లేకుంటే మీరు క్షేమంగా భోజనం చేస్తుంటే పడవలు సముద్రంలో మీకోసం వెతుకుతుంటాయి.