సిల్వర్ గిన్నెలో పులుసు వండితే మతిమరుపు వస్తుందా? మా ఇంటి గిన్నెల రివ్యూ

నమస్తే అండీ. ఈ గిన్నె చూడండి. ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో పులుసులు కాగిన సిల్వర్ గిన్నె. పేరుకే సిల్వర్, లోహం మాత్రం అల్యూమినియం. కెమెరా దగ్గరికి పెడుతున్నా, ఇక్కడ గీత కనిపిస్తోందా? పైన బూడిద రంగు. కింద, పులుసు మట్టం దాకా తళతళ. వేలు పెట్టి రాస్తే సన్నటి గుంటలు తగులుతున్నాయి. ఇది తోమితే వచ్చిన మెరుపు కాదండీ. చింతపండు పులుపు పై పొరని తినేసింది. ఆ పొర ఎటు పోయింది? పులుసులోకే.

ఈ వీడియో మా అమ్మ కోసం మొదలైంది. చివరి నాలుగేళ్లు అమ్మమ్మ మమ్మల్ని గుర్తుపట్టలేదు. అన్నం తిన్న పది నిమిషాలకే "నాకెవరూ పెట్టలేదు" అనేది. మొన్న ఎవరో వాట్సాప్‌లో పంపారు, అల్యూమినియం గిన్నెల్లో వండితే అల్జీమర్స్, అంటే మతిమరుపు జబ్బు, వస్తుందని. అమ్మ ఈ గిన్నె ముందేసుకుని "చేజేతులా నేనే చేశానా?" అని ఏడ్చింది.

లేదమ్మా. ఎందుకో చెప్తాను.

1965లో కుందేళ్ల మెదడులోకి అల్యూమినియం లవణాలు ఎక్కిస్తే నాడీకణాల్లో చిక్కుముడులు కనిపించాయి. 1973లో కెనడా పరిశోధకులు అల్జీమర్స్ రోగుల మెదళ్లలో అల్యూమినియం ఎక్కువగా ఉందన్నారు. భయం అక్కడ పుట్టింది. కానీ కుందేళ్లలో కనిపించిన చిక్కుముడులు, అల్జీమర్స్‌లో ఉండేవి ఒకటి కావని తర్వాత తేలింది. మెదడులో కొలతలు కూడా అన్ని పరిశోధనల్లో ఒకేలా రాలేదు. తిండిలోని అల్యూమినియం వల్లే అల్జీమర్స్ వస్తుందని ఇప్పటిదాకా రుజువు కాలేదు.

మరి అసలు హానే లేదా అంటే, ఉంది. 1970లలో డయాలసిస్ చేయించుకునేవాళ్లలో కొందరికి మాట తడబడింది, ఫిట్స్ వచ్చాయి, మతి పోయింది. కారణం డయాలసిస్ నీళ్లలోని అల్యూమినియం, అది నేరుగా రక్తంలోకి వెళ్లింది. నీళ్లు శుద్ధి చేయడం మొదలుపెట్టాక ఆ జబ్బు బాగా తగ్గిపోయింది. మనం తినే అల్యూమినియంలో మాత్రం సుమారు వెయ్యో వంతే ఒంట్లోకి చేరుతుంది. దాన్ని కిడ్నీలు బయటికి పంపేస్తాయి. అందుకే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. అల్యూమినియం ఉన్న గ్యాస్ మందులు డాక్టర్‌ని అడగకుండా వాడకండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓల నిపుణుల కమిటీ 2011లో ఒక హద్దు పెట్టింది: వారానికి, కిలో బరువుకి 2 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి వారానికి 120. ఇందులో గిన్నె ఒక్కటే లెక్క కాదు. టీ ఆకులో ఉంటుంది, కొన్ని బేకింగ్ పౌడర్లలో ఉంటుంది. ప్యాకెట్ వెనక 541 అని కనిపిస్తే అది సోడియం అల్యూమినియం ఫాస్ఫేట్.

ఇక గిన్నెల సంగతి. సిల్వర్ గిన్నెలో అన్నం వండుకోండి, పర్లేదు. చారు, పులుసు, టమాటా పచ్చడి వద్దు. వండినా రాత్రంతా అందులో ఉంచకండి. హార్డ్ ఆనోడైజ్డ్ కడాయి మేలు, గట్టి పొర వల్ల లోహం తక్కువ దిగుతుంది. కానీ గీతలు పడితే ఆ ధీమా ఉండదు. పులిహోరని ఫాయిల్‌లో చుట్టి ప్రయాణానికి పట్టుకెళ్లడం నేను మానేశాను. పులుసుకి స్టీలో, మట్టి పాత్రో ఉత్తమం.

నాకు అల్యూమినియం కన్నా ఎక్కువ టెన్షన్ పెట్టింది సీసం. తుక్కు కరిగించి పోసిన గిన్నెల్లో అది కలిసి ఉండొచ్చు. పిల్లల మెదడుకి సీసం చేసే హాని గురించి ఏ అనుమానమూ లేదు. 2025 ఆగస్టులో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా హెచ్చరించింది, దిగుమతైన కొన్ని అల్యూమినియం, ఇత్తడి, హిండాలియం (అల్యూమినియం మిశ్రమ లోహం) పాత్రల నుంచి సీసం దిగుతోందని. అక్కడున్న మనవాళ్లు ఇక్కడి నుంచి సూట్‌కేసులో పట్టుకెళ్లిన కడాయిలు ఒకసారి తీసి చూడండి. ఏ మార్కూ లేకుండా తూకానికి అమ్మే గిన్నెలు కొనకండి. దయచేసి.

ఇంకొక్క మాట. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) ముప్పు పెంచేవి, మన చేతిలో ఉన్నవి 14 చెప్పింది. బీపీ, షుగర్, పొగతాగడం, ఒంటరితనం ఉన్నాయి. అల్యూమినియం లేదు. వినికిడి తగ్గడం ఉంది. అమ్మమ్మకి పదేళ్లు సరిగా వినపడలేదండీ. పెద్దతనం అనుకుని మేము గట్టిగా మాట్లాడామే తప్ప, పరీక్ష చేయించలేదు.

అమ్మ ఈ మధ్య టీవీ సౌండ్ పెంచుతోంది. సోమవారం వినికిడి పరీక్షకి తీసుకెళ్తున్నాను.