ఇచ్చిన మాటతో వాక్యం: సీ1 అడ్వాన్స్‌డ్ పరీక్షకు తరగతిలో సాధన

[దృశ్యం: అమలాపురంలో ఒక సాయంత్రపు తరగతి. నల్లబల్ల మీద ఒక ఆంగ్ల వాక్యం.]

నమస్కారమండీ. కేంబ్రిడ్జ్ వారు 1991లో ప్రారంభించిన, ఒకప్పుడు సీఏఈ అని పిలిచిన సీ1 అడ్వాన్స్‌డ్ అనే ఆంగ్ల భాషా పరీక్షకు చదువుతున్నవారిలో చాలామంది తరగతి సమయమంతా మాదిరి ప్రశ్నపత్రాలకే ఖర్చు చేస్తుంటారు. అది ఇంట్లో ఒంటరిగానూ చేసుకోవచ్చు. ఒకే విషయాన్ని మరో తీరులో చెప్పడం, పక్కవారితో వాదించి ఒక నిర్ణయానికి రావడం తరగతిలోనే బాగా అలవడతాయి.

[తెర మీద: పఠనం, భాషా వినియోగం 90 నిమిషాలు, రచన 90, శ్రవణం సుమారు 40, సంభాషణ 15]

మొదటి పత్రంలో 8 భాగాలు, 56 ప్రశ్నలు ఉంటాయి. మనవాళ్లను ఎక్కువగా తడబడేలా చేసేది నాలుగో భాగం. ఒక వాక్యం ఇచ్చి, దాని కింద ఒక మాట ఇచ్చి, ఆ మాటను ఏమాత్రం మార్చకుండా 3 నుంచి 6 పదాలలో ఖాళీ నింపి అదే అర్థం రాబట్టమంటారు. అవధానంలో దత్తపది చూసినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. కాకపోతే ఇచ్చిన పదాన్ని విరిచి వేరే అర్థంలో ఇమిడ్చే చమత్కారం అవధానికి చెల్లుతుంది కానీ ఇక్కడ చెల్లదు.

[తెర మీద: దే క్యాన్సిల్డ్ ద ఫెర్రీ సర్వీస్ బికాజ్ ద రివర్ వజ్ ఇన్ ఫ్లడ్.
ఇచ్చిన మాట: కాల్డ్
ద ఫెర్రీ సర్వీస్ ........ ద ఫ్లడ్.]

కోటిపల్లి రేవులో వరద రోజున వినిపించే సంగతే ఇది. దీన్ని ముందు తెలుగులో తిప్పి చూడమంటాను. 'వరద వచ్చినందువల్ల పంటు ఆపేశారు' అన్నదాన్ని 'వరద వల్ల పంటు ఆగిపోయింది' అని అనాయాసంగా మార్చేస్తాం, ఎందుకంటే మన 'వల్ల' క్రియ నుంచి పుట్టిన రూపం తర్వాతా, నామవాచకం తర్వాతా ఒకేలా ఒదుగుతుంది. ఆంగ్లంలో అలా కుదరదు. 'బికాజ్' తర్వాత పూర్తి వాక్యం రావాలి, నామవాచకం ఒక్కటే వస్తే 'బికాజ్ ఆఫ్' అనాలి. కాబట్టి జవాబు 'వజ్ కాల్డ్ ఆఫ్ బికాజ్ ఆఫ్'. ప్రశ్నకు 2 మార్కులు: 'వజ్ కాల్డ్ ఆఫ్'కు ఒకటి, 'బికాజ్ ఆఫ్'కు ఒకటి. రెండో సగం తప్పినా మొదటి మార్కు దక్కుతుంది గనుక, సగమే తెలిసినా ఖాళీ వదిలేయకూడదు.

రచన పత్రంలో రెండు రచనలు, ఒక్కొక్కటి 220 నుంచి 260 పదాలు. మొదటిది వ్యాసం, అది తప్పనిసరి. ఇచ్చిన మూడు అంశాలలో రెండింటినే చర్చించమంటే, మూడూ రాసి మూడింటినీ పలచన చేసుకునేవారే ఎక్కువ. రెండో రచనలో నివేదికకూ ప్రతిపాదనకూ తేడా చెప్పడానికి మన కాలువలకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. గుర్రపుడెక్క ఎక్కడెక్కడ పేరుకుంది, దానివల్ల మురుగు ఎలా నిలిచిపోతోంది అని చెబితే నివేదిక. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో దాన్ని ఎవరు, ఏ క్రమంలో తీయాలో చెప్పి అధికారిని ఒప్పిస్తే ప్రతిపాదన.

శ్రవణ పత్రంలో ప్రతి భాగాన్నీ రెండుసార్లు వినిపిస్తారు. దానికి ఇంటి సాధన చాలు.

[దృశ్యం: ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు విద్యార్థులు. బల్ల మీద మూడు ఫొటోలు: పంటు, రొయ్యల చెరువు, కొబ్బరి దింపు.]

సంభాషణకు అభ్యర్థులు సాధారణంగా ఇద్దరు, పరీక్షకులు ఇద్దరు. వారిలో ఒకరు మాట్లాడిస్తే మరొకరు విని మార్కులు వేస్తారు. ఫొటోలలో రెండింటిని ఎంచుకుని, ఒక నిమిషం పాటు వాటిని పోల్చి చెప్పాలి. ఏం కనిపిస్తోందో ఏకరువు పెడితే సరిపోదు. ఆ పనులు చేసేవారికి ఏది కష్టమో, ఎందుకో ఊహించాలి. మూడో భాగంలో ఇద్దరూ కలిసి చర్చించి ఒక నిర్ణయానికి రావడానికి ప్రయత్నించాలి. ఇక్కడే మన గోదావరి మర్యాద అడ్డొస్తుంది: ఎదుటివారు ఏమన్నా 'ఆయ్' అని ఊరుకుంటాం. అందుకే మా తరగతిలో ఒక నియమం పెట్టాం. పక్కవారి మాటతో ఏకీభవించినా సరే, దానికి ఒక కారణమో, ఒక సందేహమో జోడించి, తిరిగి వారినే ఒక ప్రశ్న అడిగిన తర్వాతే ఆగాలి.